రెండు చార్మ్ ప్యాకులతో చిన్న బొంత: మధ్యలో ఏం పెట్టాలి, మార్జిన్ ఎంత వదలాలి?

కూకట్‌పల్లి_కుట్లు

అందరికీ నమస్కారం. మా చెల్లికి ఇప్పుడు ఏడో నెల. ఏప్రిల్‌లో కాన్పు. పుట్టబోయే బిడ్డకి నా చేత్తో ఒక బొంత కుట్టి ఇవ్వాలని గట్టిగా అనుకున్నాను. అమెరికాలో ఉండే మా పిన్ని మొన్న వచ్చినప్పుడు రెండు చార్మ్ ప్యాకులు తెచ్చిచ్చింది. ఒక్కో ప్యాకులో 42 ముక్కలు. అన్నీ 5 ఇంచుల చదరాలు, అంచులు పళ్ళు పళ్ళుగా కత్తిరించి ఉన్నాయి. లేత పసుపు, ఆకుపచ్చ, బూడిద రంగు, అక్కడక్కడా చిన్న నక్కపిల్లల బొమ్మలు. చేత్తో తడిమితేనే కుట్టాలనిపించేంత మెత్తగా ఉన్నాయి.

నాకు మిషన్ వచ్చు. నైటీలు, దిండు గలీబులు, నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను. మోటారు బిగించిన ఉషా మిషన్ నాది. బొంత మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. వీడియోలు చూస్తే ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కొనమనే చెబుతున్నారు. గుండ్రటి బ్లేడుతో గుడ్డ కోసే రోటరీ కట్టర్, దాని కింద పరిచే మ్యాట్, మిషన్‌కి బిగించే వాకింగ్ ఫుట్, బట్టల మీద కొట్టే జిగురు స్ప్రే, మధ్య పొరకి వాడే బ్యాటింగ్. ఇవన్నీ నిజంగా కావాలా? ముక్కలు ముందే కోసి ఉన్నాయి కదా.

ముఖ్యంగా మూడు సందేహాలు. ముక్కల్ని ముందు ఉతకాలా వద్దా? మధ్యలో పొరగా ఏం పెట్టాలి? ఇక్కడ దొరికే తెల్ల పాలిస్టర్ షీట్ పెడితే మన ఎండలకి బిడ్డకి ఉక్కపోత అవుతుందేమోనని భయం. మూడు పొరలూ కలిపి మామూలు మిషన్ మీద కుట్టడం అవుతుందా? కుట్టినవాళ్ళు దయచేసి చెప్పండి.

---

తెనాలి_టైలరమ్మ

అమ్మాయ్, ముందుగా ఆ ప్యాకుల్ని నీళ్ళలో పెట్టకు. అంత చిన్న ముక్కలు తడిస్తే అంచులు పోగులు లేస్తాయి, ఒక్కోటి ఒక్కోలా ముడుచుకుంటుంది, తర్వాత ఏ రెండూ 5 ఇంచులు ఉండవు. పళ్ళ కత్తిరింపు ఉన్నది పోగులు రాకుండానే. ఉతుకు సంగతి బొంత మొత్తం అయ్యాక. ముదురు రంగు ముక్క ఏదైనా ఉంటే తడి తెల్లగుడ్డ దాని మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టి చూడు. తెల్లగుడ్డకి రంగు అంటితే ఆ ముక్క పక్కన పెట్టెయ్.

ఇక మధ్య పొర. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. బొంతకి పైన కనబడేవి ముక్కలు. బిడ్డ ఒంటికి తెలిసేది మాత్రం మధ్యలోదీ, అడుగుదీ. ఏప్రిల్ కాన్పు అంటున్నావు, హైదరాబాదులో అది ఎండాకాలమే. పాలిస్టర్ షీట్ వద్దు. చెమట పీల్చదు, వేడి నిలుపుతుంది. మీ అమ్మగారిదో మీ అత్తగారిదో బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ఒకటి అడిగి తీసుకో. దాన్ని రెండు పొరలు చేసి పెట్టు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. అంచూ పమిటా కోసి తీసేయ్. అంచు దగ్గర నేత గట్టిగా ఉంటుంది, సూది విరుగుతుంది, జరీ ఉంటే గుచ్చుకుంటుంది కూడా. పాలిస్టర్ కలిసిన చీర కాదు, అచ్చం నూలుదే. అనుమానంగా ఉంటే ఒక పోగు లాగి కాల్చి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి ఉండ కడుతుంది.

చీర పొరలతో ఇంకో లాభం, ఎండలో వేస్తే ఒక పూటలో ఆరిపోతుంది. పసిబిడ్డ బట్టలు రోజుకి ఎన్నిసార్లు తడుస్తాయో ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. లావుపాటి బొంత వానాకాలంలో రెండు రోజులైనా లోపల చెమ్మగానే ఉంటుంది. మా అమ్మమ్మ కుట్టిన బొంతల్లో పాత చీరలూ పంచెలూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు, అవి ఏళ్ళ తరబడి చాకిరేవు దెబ్బలకి తట్టుకున్నాయి.

అడుగుకి మల్లుగుడ్డ గానీ మెత్తని కాటన్ గానీ మీటరున్నర తీసుకో. ఇది కొత్తది కాబట్టి రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొయ్యి.

లెక్క చెబుతాను. నీ దగ్గర 84 ముక్కలున్నాయి. అడ్డం 8, నిలువు 10 పెడితే 80 వాడతావు, 4 మిగులుతాయి. కుట్టాక ఒక్కో ముక్క నాలుగున్నర ఇంచులు కనబడుతుంది. అంటే బొంత 36 ఇంచుల వెడల్పు, 45 ఇంచుల పొడవు. పసిబిడ్డకి హాయిగా సరిపోతుంది, మూడేళ్ళొచ్చినా కాళ్ళ మీద కప్పుకోవచ్చు.

ఆ నాలుగున్నర రావాలంటే మార్జిన్, అంటే కుట్టు నుంచి గుడ్డ అంచు దాకా వదిలేది, ఖచ్చితంగా పావు ఇంచు ఉండాలి. జాకెట్లు కుట్టే చేతికి ఇది కొత్తగా ఉంటుంది. మనం తర్వాత వదులు చేసుకోవడానికని పక్కలకి ఇంచు, ఇంచున్నర వదిలే అలవాటున్నవాళ్ళం. ఇక్కడ వదిలేదీ లేదు, వదులు చేసేదీ లేదు. మిషన్ ప్లేటు మీద సూది దిగే చోటు నుంచి కుడివైపుకి స్కేలుతో పావు ఇంచు కొలిచి, అక్కడ రంగు టేపు నాలుగైదు మడతలు అతికించు. గుడ్డ అంచు ఆ టేపుకి ఆనించి పోనివ్వాలి. గుడ్డని నొక్కిపట్టే ఫుట్ అంచుని నమ్ముకోకు, ఒక్కో ఫుట్ ఒక్కో వెడల్పు.

కుట్టే ముందు పరీక్ష చెయ్యి. ఏవైనా పాత గుడ్డలు 5 ఇంచులవి మూడు కోసి వరసగా కలుపు, ఇస్త్రీ చెయ్యి, కొలువు. సరిగ్గా 14 ఇంచులు రావాలి. తక్కువొస్తే మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నట్టు, టేపుని ఒక్క పోగంత లోపలికి జరుపు. ఒక్కో పక్క పదహారో వంతు ఇంచు తేడా వచ్చినా, 10 ముక్కల వరసలో తొమ్మిది కుట్లుంటాయి కాబట్టి చివరికి ఇంచు పైనే తగ్గిపోతుంది. అందుకే ఈ పరీక్ష మీద పట్టు పడుతున్నాను.

రోటరీ కట్టరూ మ్యాటూ నీకు అక్కర్లేదు, ముక్కలు కోసే ఉన్నాయి. కత్తెర, గుండుసూదులు, పిన్నీసులు, ఇస్త్రీ పెట్టె, 14 నంబరు కొత్త సూది. దారం మంచి కాటన్‌ది కొను. పొరలు కలిపే సంగతి ముక్కలన్నీ కలిపాక అడుగు, అప్పుడు చెబుతాను. ఒక్కసారే అన్నీ చెబితే బుర్రకెక్కవు.

---

టెక్సాస్_తెలుగమ్మాయి

టైలరమ్మ గారు చెప్పినది అక్షరాలా పాటించండి. నేను ఇక్కడ క్విల్టింగ్ గిల్డ్‌లో, అంటే బొంతలు కుట్టేవాళ్ళ సంఘంలో, నేర్చుకున్నాను, వాళ్ళు చెప్పే పద్ధతీ ఇదే. కొన్ని కలుపుతాను.

ముక్కలన్నీ మంచం మీదో నేల మీదో పరిచి చూసుకోండి. ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగుల్లో కనబడని విషయం అందులో తెలుస్తుంది, ముదురువి అన్నీ ఒకేచోట కుప్పపడ్డాయా, లేతవి సమంగా పరుచుకున్నాయా అని. నచ్చాక ప్రతి వరస మొదటి ముక్కకీ నంబరు రాసిన చీటీ గుచ్చండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ పని వాళ్ళు పడుకున్నాక పెట్టుకోండి.

జంటలు కలిపేటప్పుడు ప్రతిసారీ దారం తెంచకండి. ఒక జత అయిపోగానే ఫుట్ ఎత్తకుండా రెండో జత అందించేయండి. తోరణంలా వరసగా వస్తాయి, చివర్లో మధ్య దారాలు కత్తిరించుకోవచ్చు. దారమూ టైమూ బోలెడు మిగులుతాయి.

ఇంకొకటి ముఖ్యమైనది. బిడ్డ నిద్రపోయేటప్పుడు బొంత కప్పడం గురించి ఇక్కడి పిల్లల డాక్టర్లు చాలా గట్టిగా చెబుతారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ప్రకారం మొదటి సంవత్సరం పడుకునే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, బొంతలు ఏవీ ఉండకూడదు. మీరు ఇచ్చేది బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అద్దాలు, గుండీలు, పూసలు మాత్రం కుట్టకండి, నోట్లో పెట్టుకుంటారు.

ఎవరైనా చలి ఉండే ఊళ్ళో బ్యాటింగ్ పెట్టి కుట్టుకోవాలనుకుంటే, ప్యాకెట్ మీద కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది. కొన్ని కాటన్ రకాలకి 10 ఇంచుల వరకూ వదలొచ్చు, కొన్నిటికి 3, 4 ఇంచులే. అంతకు మించితే ఉతికినప్పుడు లోపలిది ముద్దలు కడుతుంది.

---

కూకట్‌పల్లి_కుట్లు

ఇద్దరికీ ఎంతో థ్యాంక్స్. అమ్మ తన పాత వెంకటగిరి చీర ఇచ్చింది, మెత్తగా వెన్నలా ఉంది. టేపు పరీక్ష చేశాను అక్కా, రెండు మూడు సార్లు జరిపాక 14 వచ్చింది. పది వరసలూ విడివిడిగా కుట్టేశాను. ఇప్పుడు వరసకీ వరసకీ కలుపుతుంటే ఒక చిక్కు. కొన్నిచోట్ల నాలుగు మూలలు చక్కగా ఒక చుక్క దగ్గర కలుస్తున్నాయి, కొన్నిచోట్ల కొద్దిగా తప్పుతున్నాయి. కొలత సరిగ్గానే ఉంది మరి. విప్పాలా?

---

టెక్సాస్_తెలుగమ్మాయి

నన్నడిగితే విప్పవద్దు. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి మహిళలు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లూ చొక్కాలూ కోసి తరతరాలుగా క్విల్టులు కుట్టారు. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో వాటికి పెద్ద ప్రదర్శన జరిగింది, తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంకీ వెళ్ళాయి. వాటిలో గీతలు వంకరపోతాయి, మూలలు కలవవు, అయినా చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. చేత్తో చేసినదానికి ఆ మాత్రం తేడా అందమే.

---

తెనాలి_టైలరమ్మ

అందం సంగతి అమ్మాయి చెప్పింది నిజమే, నేను కాదనను. మూలలు తప్పినంత మాత్రాన విప్పక్కర్లేదు. కానీ ఒక్కటి చూడు. తప్పిన చోట బొంతని తిరగేసి వెనకవైపు మార్జిన్ ఎంత ఉందో కొలువు. పావు ఇంచు ఉంటే వదిలెయ్. ఎక్కడైనా సగానికి సగం తగ్గి కుట్టు గుడ్డ అంచు దగ్గరికి వెళ్ళిపోయి ఉంటే, ఆ నాలుగు ఇంచులూ విప్పి మళ్ళీ కుట్టు. అలాంటి చోట్ల పది ఉతుకులకే పోగులు జారి కన్నం పడుతుంది. బిడ్డ వేలు అందులో ఇరుక్కుంటుంది. చూపుకి బాగుండటం కోసం కాదు, ఊడకుండా ఉండటం కోసం చెబుతున్నాను.

మూలలు తప్పడానికి కారణం ఇస్త్రీ అయి ఉంటుంది. వరసల మార్జిన్లు అన్నీ ఒకే పక్కకి మడిచావేమో. మొదటి వరసవన్నీ కుడికి, రెండో వరసవన్నీ ఎడమకి, మూడోది మళ్ళీ కుడికి, అలా మార్చి మార్చి ఇస్త్రీ చెయ్యి. అప్పుడు రెండు వరసలు ఎదురెదురు పెట్టినప్పుడు ఒక మడత ఇటు, ఒక మడత అటు ఉండి, వేలితో తడిమితే రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోతాయి. అక్కడ గుండుసూది గుచ్చు. మూల దానంతటదే కలుస్తుంది. ఇస్త్రీ పెట్టెని జాకెట్ మీద తోసినట్టు తోయకు, ఎత్తి పెట్టు, ఎత్తి పెట్టు. తోస్తే చదరం సాగి పతంగి ఆకారం వస్తుంది.

పైభాగం అయ్యాక పొరలు. గచ్చు నేల తుడిచి, అడుగు గుడ్డ తిరగేసి పరిచి, నాలుగు పక్కలా టేపుతో బిగుతుగా అతికించు. మరీ లాగకు, ముడతలు పోయేంత చాలు. దాని మీద చీర పొరలు, ఆపైన నీ ముక్కలది. అడుగుదీ మధ్యదీ నాలుగు పక్కలా రెండేసి ఇంచులు ఎక్కువ ఉండాలి. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, జానెడు దూరంలోపే పిన్నీసులు పెట్టుకుంటూ రా. పిన్నీసులు చాలకపోతే పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యి, తర్వాత లాగేయొచ్చు. జిగురు స్ప్రే మీద డబ్బు పెట్టకు.

మిషన్ మీద అవుతుంది. పాలిస్టర్ షీట్ లేదు కదా, లావు లేదు. సూది 16 నంబరుకి మార్చు, కుట్టు పొడవు పెంచు, ఫుట్ మీద ఉండే మర తిప్పి ఒత్తిడి కొంచెం వదులు చెయ్యి. మిషన్ పళ్ళు అడుగు గుడ్డనే లాగుతాయి, పైది వెనకబడి ముడతపడుతుంది. వాకింగ్ ఫుట్ పని పైగుడ్డని కూడా సమంగా లాగడమే. అది లేకపోయినా చిన్న బొంతకి నడుస్తుంది, నెమ్మదిగా కుట్టి, సూది ముందు రెండు చేతులతో గుడ్డని పరిచిపెట్టి పట్టుకో. ముక్కలు కలిసిన గీతకి పావు ఇంచు పక్కగా, ముందు మధ్య గీత, తర్వాత దానికి అటూ ఇటూ.

ఓపిక ఉంటే మాత్రం నా మాట విని చేత్తో కుట్టు. లావు దారం, పొడుగు సూది, రన్నింగ్ కుట్టు. ముప్ఫై ఆరు బై నలభై అయిదు ఇంచులు పెద్ద పని కాదు. సాయంత్రం టీవీ ముందు కూచుని కుట్టుకోవచ్చు. మిషన్ కుట్టు కంటే బొంత మెత్తగా మడత పడుతుంది.

అంచు పట్టీకి జాకెట్ పైపింగ్‌లా క్రాస్‌గా, అంటే ఏటవాలుగా, కొయ్యనక్కర్లేదు, పక్కలు తిన్నగానే ఉన్నాయి కాబట్టి నిలువు పట్టీలు చాలు. రెండున్నర ఇంచుల వెడల్పు పట్టీలు గుడ్డ పన్నా అంతా అయిదు కోసి కలుపు. చుట్టుకొలత 162 ఇంచులు, మూలలకీ అతుకులకీ ఇంకో పది కావాలి. నలభై సెంటీమీటర్ల గుడ్డ తెచ్చుకుంటే సరి. పట్టీని నిలువుగా సగానికి మడిచి, ముందు వైపు మిషన్‌తో కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చెయ్యి. నీకు జాకెట్లు వచ్చు కదా, ఇది చెప్పక్కర్లేదు.

---

పెడన_కలంకారీ

చదువుతుంటే నాకూ కుట్టాలనిపిస్తోంది. విదేశాల ప్యాకులు దొరకనివాళ్ళకి ఒక మాట. 44 ఇంచుల పన్నా ఉన్న ఏ కాటన్ గుడ్డయినా మీటరు తీసుకుంటే, ఉతికి కుదించాక కూడా 5 ఇంచుల చదరాలు అడ్డం 8, నిలువు 7, మొత్తం 56 వస్తాయి. పావు మీటరు చొప్పున ఏడెనిమిది రకాలు తీసుకుంటే ప్యాకు కొన్నట్టే ఉంటుంది. మ్యాచింగ్ సెంటర్లలో కట్ పీసులు చవగ్గా ఇస్తారు.

మా పెడన వైపు అద్దకం గుడ్డలు దీనికి ఎంతో బాగుంటాయి, చిన్న చిన్న పూల బుటాలు ఉన్నవి ఎంచుకోండి, పెద్ద డిజైను 5 ఇంచుల్లో ముక్కలైపోతుంది. కానీ ఇవి కోయకముందే ఉతకాలి, ఎరుపూ నలుపూ విడిగా, నీళ్ళలో రంగు రావడం ఆగే దాకా. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది అంటారు, దాన్ని నమ్ముకుని తెల్లముక్క పక్కన ఎర్రముక్క పెట్టకండి. జాడించి జాడించి చూసుకోవడమే దారి. నేరుగా కోయడానికి అట్ట ముక్కతో 5 ఇంచుల అచ్చు చేసుకోండి, గీత గీసి కత్తెరతో కోయండి.

నాకో సందేహం. పెద్దవాళ్ళ సింగిల్ మంచానికి ఇలాగే కుట్టాలంటే ఎన్ని ముక్కలు పడతాయి?

---

తెనాలి_టైలరమ్మ

సింగిల్ మంచానికి 60 బై 90 అనుకో. అడ్డం 13, నిలువు 20 పెడితే 260 ముక్కలు, యాభై ఎనిమిదిన్నర బై 90 వస్తుంది. ప్యాకులైతే ఏడు కావాలి, అంత ఖర్చు దండగ. గుడ్డయితే అయిదు మీటర్లు చాలు. అంత పెద్దది మొదటిసారే మిషన్ కింద తోయడం కష్టం, దాన్ని చేత్తోనే కుట్టాలి.

చేత్తో కుట్టేదానికి ఇంకో దారి కూడా ఉంది. ఉత్తర కర్ణాటకలో యల్లాపుర, హళియాళ వైపు అడవుల్లో సిద్ది వాళ్ళుంటారు, వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు కవంది అనే బొంతలు కుడతారు. ముందు ముక్కలు కలిపి, తర్వాత పొరలు కలిపి అని రెండు పనులు చెయ్యరు. పాత చీర పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంట ముక్కని మడిచి పెడుతూ, అదే రన్నింగ్ కుట్టుతో ముక్కనీ చీరనీ ఒకేసారి కుట్టుకుంటూ చుట్టూ తిరిగి మధ్యకి వస్తారు. చివర్లో నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలు పెడతారు, వాటిని ఫులా అంటారు. కొలతలూ మార్జిన్లూ ఏవీ పట్టించుకోనక్కర్లేదు. మిషన్ లేనివాళ్ళు, కట్ పీసులు సంచినిండా ఉన్నవాళ్ళు ఇది మొదలుపెట్టొచ్చు.

---

కూకట్‌పల్లి_కుట్లు

అక్కా, మార్జిన్ కొలిచాను. రెండు చోట్ల మాత్రం తక్కువుంది, విప్పి కుట్టేశాను. ఇస్త్రీ మార్చి చేశాక మిగతా వరసలు చక్కగా కలిశాయి. చేత్తో కుట్టడానికే నిర్ణయించుకున్నాను. అయ్యాక మొదటి ఉతుకు ఎలా?

---

తెనాలి_టైలరమ్మ

చన్నీళ్ళలో, వేరే బట్టలు కలపకుండా. మెత్తని సబ్బుపొడి కొంచెం, ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. పిండి మెలితిప్పకుండా, దండెం మీద ఒక్క పక్కకి వేలాడదీయకుండా రెండు దండేల మీద పరిచి ఆరెయ్యి. పైముక్కలు కొత్తవి కాబట్టి కొంచెం కుదించుకుంటాయి, మీ అమ్మగారి చీర ఇక కుదించుకోదు. అందుకని బొంత అంతటా సన్నగా ముడతలు లేస్తాయి. అవి ఇస్త్రీ చేసి పోగొట్టకు, అలాగే ఉంచు. మడిచే ముందు అంతా వేళ్ళతో తడిమి, ఎక్కడా పిన్నీసు గానీ గుండుసూది గానీ ఉండిపోలేదని చూసుకుని అప్పుడు ఇవ్వు.